విరమణ లేని కొలువు: అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు

ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుల జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు చాలా ఆలోచించాను. రాజుల గురించి, నాయకుల గురించి, కవుల గురించి నాకన్న బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఏ పదవీ లేకుండా, జీవితమంతా వంటింటి పొయ్యి దగ్గరే గడిపిన ఒక ఇల్లాలు గుర్తుకు వచ్చారు. ఆమె గోదావరి జిల్లాకు చెందిన డొక్కా సీతమ్మ గారు.

మన జడ్చర్లకూ ఆమెకూ ఏమిటి సంబంధమని మిత్రులు అడగవచ్చు. దానికి కారణం మా అవ్వ. నా చిన్నతనంలో మా ఇల్లు బాదేపల్లి మార్కెట్టుకు పోయే బాట మీద ఉండేది. పల్లికాయ మూటలతో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు రాత్రంతా నడిచి తెల్లవారేసరికి మార్కెట్టుకు చేరేవి. ఎండకాలం వచ్చిందంటే మా అవ్వ కడప పక్కన ఒక కుండ నిండా జొన్న అంబలి, మరొక కుండలో నీళ్ళు పెట్టేది. బండివాళ్ళు తాగి పోయేవారు. వాళ్ళ పేర్లు ఆమెకు తెలియవు, ఆమె పేరు వాళ్ళకు తెలియదు. కలిగిన ఇల్లేమీ కాదు మాది. అందుచేత ఆ కుండ విషయంలో ఇంట్లో అప్పుడప్పుడు మాటలు కూడా వచ్చేవి. అవ్వ వినీ విననట్లు ఊరుకునేది. మర్నాడు పొద్దున్నే కుండ మళ్ళీ నిండి ఉండేది.

కొన్నేళ్ళ క్రితం మా కోడలి పుట్టింటివారి పెండ్లికి కోనసీమ వెళ్ళాము. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద పెద్ద అక్విడెక్టు దాటుతుంటే, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారని మా వియ్యంకులు గారు చెప్పారు. ఇంజనీరు పేరో, మంత్రి పేరో కాక అన్నం పెట్టిన ఒక ఇల్లాలి పేరు కాలువ వంతెనకు పెట్టడం నాకు విచిత్రంగా తోచింది. ఆ రాత్రి పెండ్లి పందిట్లో పెద్దలు ఆమె గురించి చెప్పుకున్న కథలు వింటూ ఉంటే మా అవ్వ కుండే నా కళ్ళ ముందు మెదిలింది. తరువాత ఆమె జీవితం గురించి దొరికినది చదివాను. అందులో చరిత్రగా నిలిచినది ఏదో, జనం నోట పెరిగినది ఏదో వేరు చేసి, తెలిసినంతవరకు మనవి చేస్తాను.

జననము, బాల్యము

సీతమ్మ గారు 1841 సంవత్సరంలో గోదావరి ప్రాంతంలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. భవానీశంకరం గారు ఇంటికి వచ్చినవారికి కాదనకుండా అన్నం పెట్టేవారు. ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారు. ఆ పేరులో కొంత హాస్యం, కొంత గౌరవం రెండూ ఉన్నాయి. బిడ్డలకు తండ్రి ఇచ్చే ఆస్తి పొలమూ బంగారమే కానక్కరలేదు. సీతమ్మ గారికి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి ఈ పేరే.

అది గోదావరి జిల్లాకు మంచి కాలం కాదు. ఆమె పుట్టడానికి రెండేళ్ళ ముందు, 1839లో, కోరంగి రేవును పెద్ద తుఫాను ముంచివేసింది. వరద వస్తే ముంపు, వాన తప్పితే కరువు అన్నట్లుండేది ప్రజల బ్రతుకు. సర్ ఆర్థర్ కాటన్ గారి ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అంటే సీతమ్మ గారి బాల్యమంతా కరువు జిల్లా మెల్లమెల్లగా ధాన్యాగారంగా మారిన కాలంలో గడిచిందన్నమాట. ఆకలి ఎలా ఉంటుందో, నిండిన గాదె ఎలా ఉంటుందో రెండూ ఆ తరం వారు చూశారు.

చిన్నతనంలోనే తల్లి మరణించడంతో ఇంటి బాధ్యత సీతమ్మ గారి మీద పడింది. ఆడుకునే వయసులో పొయ్యి రాజేయడం, వచ్చినవారికి విస్తరి వేయడం నేర్చుకోవలసి వచ్చింది. ఆనాటి ఆడపిల్లలకు బడి చదువులు లేవు. ఆమె నేర్చిన చదువు అదే.

జోగన్న గారితో వివాహము

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు వేదం చదివిన పండితులు, భూవసతి గల రైతు. ఆయన ఒకసారి పండిత సభకు వెళ్ళి తిరిగి వస్తూ మధ్యాహ్నం వేళకు మండపేట చేరి, భవానీశంకరం గారి ఇంట భోజనం చేశారని చెబుతారు. ఆ ఇంటి చిన్నపిల్ల అతిథిని ఆదరించిన తీరు ఆయన మనసుకు నచ్చింది. సంబంధం కుదిరింది, వివాహం జరిగింది. కట్నకానుకలు చూసి, జాతకాలు చూసి సంబంధాలు కుదుర్చుకుంటాము. విస్తరి వడ్డించిన తీరు చూసి కుదిరిన సంబంధం ఇది. ఆ తరువాత ఆ దంపతులు చేసిన పనికి పునాది ఆ మధ్యాహ్నమే పడింది.

ఆనాటి ప్రయాణాలు

ఈ కాలపు పిల్లలకు ఒక విషయం చెప్పాలి. మన జడ్చర్లలో ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి పక్కన అడుగుకొక హోటలు ఉంది. నూట డెబ్బై ఏళ్ళ క్రితం ప్రయాణికునికి డబ్బులున్నా అన్నం దొరికేది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి, మన పాలమూరు సీమ మీదుగానే హైదరాబాదు చేరారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీలోనూ ఏ సరుకులు దొరుకుతాయి, దిగడానికి వసతి ఉందా లేదా అన్నదే ముఖ్యమైన విషయం. పరివారంతో బయలుదేరిన అంతటి గృహస్థుకే ఆ చింత తప్పలేదు. ఇక సామాన్యుల సంగతి చెప్పేదేముంది? సత్రం ఉన్న ఊరు చేరితే సరి, లేకపోతే పస్తు.

కోనసీమలో ఆ కష్టం మరింత ఎక్కువ. గోదావరి అక్కడ పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. వంతెనలు లేవు. ఒక పాయ దాటాలంటే రేవు దగ్గర పడవ కోసం ఎదురుచూడాలి. గాలి ఎదురైనా, వరద వచ్చినా పడవ కదలదు. పొద్దున బయలుదేరినవాడు ఏ వేళకు చేరుతాడో తెలియదు. లంకల గన్నవరం సరిగ్గా అటువంటి దారిలో, వైనతేయ గోదావరి తీరాన ఉంది. పాయ దాటి అలసిపోయి వచ్చినవారికి దారిలో కనిపించే ఇల్లు జోగన్న గారిది.

1852 ప్రాంతంలోనే గన్నవరం దగ్గర హేగ్ అనే ఇంజనీరు 49 కమానులతో వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి ఒడ్డుకు దాటించే అక్విడెక్టు కట్టించారు. దానితో లంకలకు నీరు వచ్చింది, వరి పండింది. నీటితోపాటు కూలీలు, వ్యాపారులు, యాత్రికులు వచ్చారు. జోగన్న గారి గాదె నిండటానికీ, వారి ఇంటి ముందు జనం చేరటానికీ కారణం ఒకటే.

వేళాపాళా లేని వంట

అన్నదానం అనగానే మనకు పెద్ద గుండిగలు, వంటవారు, చందా పుస్తకం గుర్తుకు వస్తాయి. సీతమ్మ గారిది అటువంటి ఏర్పాటు కాదు. అది ఒక సంసారి ఇల్లు. వచ్చినవారికి తానే స్వయంగా వండి వడ్డించేవారు. ఆ పనిలో శ్రమ ఎంత ఉందో మన ఇంట్లో ఆడవారికి తెలుస్తుంది. అప్పటికి పల్లెల్లో రైసు మిల్లులు లేవు. వడ్లు దంచాలి, చెరగాలి, నూక తీయాలి. వానాకాలంలో కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి. నీళ్ళు మోసుకురావాలి. ఏడాదికి సరిపడా ఊరగాయలు ముందే పెట్టుకోవాలి. పాడి చూసుకోవాలి. పది మందికి వండి పొయ్యి ఆర్పిన తరువాత మరో నలుగురు వస్తే మళ్ళీ ఎసరు పెట్టాలి.

ఆమె గొప్పతనమంతా ఆ రెండవ ఎసరులో ఉందని నా మనవి. సత్రాలకు వేళలుంటాయి. దేవాలయాలకు వేళలుంటాయి. మనం పనిచేసిన కార్యాలయాలకూ వేళలుండేవి. వేళ దాటి వచ్చినవాణ్ణి రేపు రమ్మని మనలో ఎంతమందిమి త్రిప్పి పంపలేదు? సీతమ్మ గారి ఇంటికి వేళ లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నం పెట్టేవారని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వారిది ఆచారవంతమైన బ్రాహ్మణ గృహం. కులపు కట్టుబాట్లు గట్టిగా ఉన్న రోజులు. అయినప్పటికీ ఆకలితో వచ్చినవారిని కులం అడిగి వెనక్కి పంపలేదని కూడా అక్కడివారు చెబుతారు.

ఆమెకు పూజలు, వ్రతాలు లేవని కాదు. అయితే దేవునికి చేసే సేవ, గుమ్మంలోకి వచ్చినవారికి చేసే సేవ వేరువేరని ఆమె అనుకోలేదు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దలు చెప్పారు. మనం ఆ మాట భోజనానికి ముందు అనుకుంటాము. ఆమె అనుకోవడంతో ఆగక రోజంతా ఆ పనే చేశారు.

1876లో మొదలైన ధాత కరువు మద్రాసు రాజధానిలో లక్షలాది మందిని పొట్టనబెట్టుకుంది. మన పొరుగున కృష్ణ అవతల ఉన్న కర్నూలు, ఆ పక్కన బళ్ళారి, కడప జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఆనకట్ట నీరు ఉన్నందువల్ల గోదావరి డెల్టా అంత ఘోరాన్ని చూడలేదు. ధాన్యం ధర మాత్రం అంతటా పెరిగింది. ధర పెరిగినప్పుడు గాదెలో వడ్లున్న ఇంటివారు రెండు విధాల ఆలోచించవచ్చు: అమ్ముకోవచ్చు, లేదా వండి పెట్టవచ్చు. అప్పటికి సీతమ్మ గారి వయసు ముప్పై అయిదు. ఆ ఇల్లు ఏ దారి పట్టిందో ఆమె పేరే చెబుతున్నది.

కరిగిన ఆస్తి

ఇక్కడ జోగన్న గారిని తలచుకోకపోతే అపచారం. ఇల్లాలు పెట్టాలనుకున్నా ఇంటి యజమాని కాదంటే ఆ రోజుల్లో ఒక్క విస్తరి లేవదు. ఆయన కాదనలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఖర్చు పెరిగింది, ఆస్తి తరిగింది. నెలకు ఇంత అని జీతం వచ్చిన మనకే రాక, పోక లెక్క కుదరక ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో అందరికీ అనుభవమే. పంట మీద ఆధారపడిన ఆ దంపతుల మధ్య ఏ సంభాషణలు జరిగాయో ఎవరూ వ్రాసిపెట్టలేదు. పొయ్యి ఆరలేదన్నది మాత్రం నిజం.

చేతిలో ఏమీ మిగలని సమయంలో జోగన్న గారు పొలంలో త్రవ్వుతుండగా బంగారు నాణేల బిందె దొరికిందనీ, దానితో అన్నదానం మళ్ళీ సాగిందనీ ఒక కథ ఉంది. నమ్మేవారు నమ్మవచ్చు. నాకు తోచేది వేరు. పెట్టినవారు పేదరికంలో ముగిసిపోవడం ఆ ఊరి జనానికి ఇష్టం లేదు. వారి ఇంట తిన్నవారు తిరిగి ఇవ్వగలిగింది ఆ బిందె కథ ఒక్కటే. నిజంగా బిందె దొరికిందో లేదో గాని, జనం వారి కృతజ్ఞతను అందులో దాచిపెట్టారు.

అంతర్వేది ప్రయాణం

సీతమ్మ గారి గురించి ఎక్కువగా చెప్పుకునే కథ మరొకటి ఉంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నారు. గన్నవరం నుంచి మరీ దూరమేమీ కాదు. అయినా అతిథులను వదిలి వెళ్ళలేక ఎన్నో ఏళ్ళు స్వామి దర్శనానికి ఆమె నోచుకోలేదు. చివరకు ఒకసారి పల్లకీలో బయలుదేరారు. దారిలో బోయీలు అలుపు తీర్చుకుంటుండగా ఒక పెండ్లివారి గుంపు అటు వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మరి కాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మ గారి ఇల్లు చేరతాము, అక్కడ అన్నం దొరుకుతుందని పెద్దలు పిల్లలను సముదాయిస్తున్నారు. పల్లకీలో ఉన్నది ఎవరో వాళ్ళకు తెలియదు. ఆ మాటలు విన్న సీతమ్మ గారు పల్లకీని వెనక్కి త్రిప్పించి, అడ్డదారిన వారికన్న ముందే ఇల్లు చేరి, వంట సిద్ధం చేయించారని చెబుతారు.

ఈ కథ విన్నప్పుడు మొదట నాకు ఆనందం కలిగింది, తరువాత కొంత బాధ కలిగింది. జన్మలో ఒక్కసారి చూడాలనుకున్న దేవుణ్ణి సగం దారిలో వదిలి రావడం చిన్న విషయం కాదు. మనలో కాశీకో తిరుపతికో టిక్కెట్టు తీసుకుని, మనుమడికి జ్వరమని ప్రయాణం మానుకున్న అమ్మలు ఎంతమంది లేరు? వాళ్ళు ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోరు. సీతమ్మ గారు తన మనుమలూ బంధువులూ కాని పిల్లల కోసం ఆ పని చేశారు. అంతే తేడా.

చక్రవర్తి ఆహ్వానం

ఆమె పేరు జిల్లా దాటి ప్రభుత్వం దాకా పోయింది. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. వైస్రాయి కర్జన్ దానిని జరిపించారు. చక్రవర్తి స్వయంగా రాలేదు, తమ్ముణ్ణి పంపారు. దేశంలోని సంస్థానాధీశులు ఏనుగుల మీద ఊరేగిన ఆ ఉత్సవానికి గన్నవరం ఇల్లాలికి కూడా ఆహ్వానం వచ్చిందని ప్రసిద్ధి. ఆమె వెళ్ళలేదు. తాను వెళ్తే వచ్చినవారికి అన్నం ఎవరు పెడతారన్నదే ఆమెకున్న అభ్యంతరం.

మనవంటి ఉద్యోగులకు నవ్వు తెప్పించే ఘట్టం ఇక్కడ ఉంది. ఆమె రాకపోతే కనీసం ఫోటో అయినా పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఫోటోకు కూడా ఆమె ఒప్పుకోలేదు. ఉత్తర్వు అమలు కాకపోతే తన ఉద్యోగానికే ముప్పు వస్తుందని కలెక్టరు గారు మొర పెట్టుకున్నారనీ, తన మూలంగా ఒకరి కూడు పోవడం ఇష్టం లేక ఆమె అంగీకరించారనీ చెబుతారు. ఆ ఫోటోను ఉత్సవంలో ఆమెకు కేటాయించిన ఆసనం మీద ఉంచి గౌరవించారని కూడా అంటారు. వివరాలు ఎలా ఉన్నా, తెల్ల చీరతో, బోడి తలతోనో నిండు ముత్తయిదువుగానో ఎవరికి వారు ఊహించుకునే ఆ అమ్మ పటం ముందు ఒక సామ్రాజ్యం తల వంచిందన్న భావన ఆ జిల్లావారికి గర్వకారణమైంది. ఆమెకు మాత్రం ఆ రోజు కూడా వంట పనే.

1909లో సీతమ్మ గారు పరమపదించారు. అప్పటికి ఆమెకు అరవై ఏడేళ్ళు. మనకు 58కో, 60కో, 61కో విరమణ వచ్చింది. పూలదండ వేశారు, శాలువా కప్పారు, పింఛను మంజూరు చేశారు. ఆమె కొలువుకు విరమణ లేదు, సెలవు లేదు, పింఛను లేదు.

నిలిచిన పేరు

ఆంధ్ర దేశంలో ఆమెను అన్నపూర్ణ అని, నిరతాన్నదాత్రి అని పిలుచుకున్నారు. తెలుగు వాచకాలలో పాఠమైనారు. పాత అక్విడెక్టు పక్కన కట్టి 2000లో ప్రారంభించిన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. నీరు దాటించే కట్టడానికి అన్నం పెట్టిన చేయి పేరు తగినదే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు పెట్టింది. నూట పదిహేనేళ్ళ తరువాత కూడా పిల్లవాడి కంచం దగ్గర ఆమె పేరు వినబడుతున్నది.

మన పాలమూరు జిల్లాకు ఆకలి కొత్త కాదు. కూలి కోసం బొంబాయి బస్సెక్కినవారి బిడ్డలం, బంధువులం మనమంతా. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు కూలీలకు ఏదో ఒక ఊరిలో ఏదో ఒక తల్లి గుక్కెడు గంజి పోసే ఉంటుంది. ఆ తల్లుల పేర్లు ఏ వంతెన మీదా ఉండవు. సీతమ్మ గారి పేరు చదివినప్పుడు వారందరినీ కలిపి చదువుకోవాలి.

ఆమెలాగ ఆస్తి కరిగేదాకా పెట్టడం మన వల్ల కాదు. ఆమె కూడా మనల్ని అలా చేయమని కోరలేదు. అయితే వచ్చినవారిని వేళ అడగకుండా ఆదరించడం మనకూ సాధ్యమే. నెల మొదటి వారంలో బ్యాంకు ముందు నిలబడలేక కూలబడే మన పెద్ద వయసు సభ్యులున్నారు. లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఎవరిని అడగాలో తెలియని ఫ్యామిలీ పెన్షనరు అక్కలు, అమ్మలు ఉన్నారు. వారు మన సంఘం తలుపు తట్టేది ఆఫీసు వేళల్లోనే కాకపోవచ్చు. అప్పుడు లేచి రెండవసారి ఎసరు పెట్టినవారే సీతమ్మ గారి వారసులు.

మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. బాదేపల్లి బాట మీద మా పాత ఇల్లు ఇప్పుడు లేదు. గత ఎండకాలం మా ఇంటావిడ గేటు పక్కన ఒక మట్టికుండ నిండా నీళ్ళు, మీద ఒక గ్లాసు పెట్టింది. ఎవరు తాగి పోతారో మాకు తెలియదు. సాయంత్రానికి కుండ ఖాళీ అవుతుంది. పొద్దున్నే నింపే పని మాత్రం నాకు అప్పగించింది. విరమణ తరువాత నాకు దొరికిన ఈ కొలువును సంతోషంగా చేస్తున్నాను.

అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారి స్మృతికి శతకోటి నమస్సులు.